ఊరూ పేరూ లేని కారు

మనం కాపురముంటున్న ఈ బ్రిటన్‌లో పాత సామాన్ల అంగళ్ళలోనూ, పెద్దవాళ్ళు పోయాక ఇల్లు ఖాళీ చేసేటప్పుడు బయటపడే ఆల్బముల్లోనూ ఒక రకం ఫోటో తరచుగా కనబడుతూ ఉంటుంది. నలుపు తెలుపుల చిన్న ఫోటో. అందులో నేలను రాసుకుంటూ పోతుందా అన్నంత పల్లంగా ఒక కారు. ఇద్దరికే చోటు, పైన కప్పు లేదు. పక్కన చొక్కా చేతులు పైకి మడిచిన యువకుడొకడు, కన్నబిడ్డను చూపిస్తున్నంత సంబరంగా నిలబడి ఉంటాడు. కారు ముక్కు మీద ఏ కంపెనీ ముద్రా ఉండదు. ఫోటో వెనక్కి తిప్పి చూస్తే ఏమీ రాసి ఉండదు. మహా అయితే ఒక సంవత్సరం ఉంటుంది.

ఇది ఏ కారు అని నలుగురిని అడిగితే నాలుగు జవాబులు వస్తాయి. లోటస్ అంటారొకరు. ఏదో ఇటాలియన్ కారు అంటారింకొకరు. జాగ్వార్ తమ్ముడిలా ఉంది అంటారు మూడోవారు. చాలాసార్లు ఈ జవాబులలో ఏదీ నిజం కాదు. అది ఏ కంపెనీ అమ్మిన కారూ కాదు. ఫోటోలో నిలబడి ఉన్న ఆ యువకుడే తన షెడ్డులో కట్టుకున్న కారు. ఇటువంటి వాటిని ఇక్కడివారు 'స్పెషల్' అనేవారు. 1950ల మధ్య నుంచి 1960ల మొదటి సంవత్సరాల దాకా బ్రిటన్‌లో ఈ సరదా ఒక ఉద్యమంలా సాగింది. ఆ చరిత్ర తెలిస్తేనే ఫోటోలోని కారును గుర్తుపట్టడం సాధ్యమవుతుంది. గుర్తుపట్టడమంటే కంపెనీ పేరు ఒకటి వెదికి తగిలించడం కాదనీ, ఎవరి పని ఏదో విడదీసి ఎవరికి చెందిన గౌరవం వారికి ఇవ్వడమనీ ఈ వ్యాసంలో మనవి చేయదలచుకున్నాను.

ఎందుకు కట్టుకున్నారు?

యుద్ధం ముగిశాక బ్రిటన్‌లో కార్లు తయారుకాకపోలేదు. తయారైనవి తయారైనట్లే ఓడలెక్కి విదేశాలకు పోయేవి. దేశానికి డాలర్లు కావాలి. ఎగుమతి చేసే ఫ్యాక్టరీలకే ప్రభుత్వం ఉక్కు కేటాయించేది. స్వదేశంలో కొత్త కారు కావలసినవాడు ఏళ్ళ తరబడి ఎదురు చూడవలసి వచ్చేది. 1950 మే నెల దాకా పెట్రోలుకు రేషను. ఆపైన కొనుగోలు పన్ను ఒకటి. 1951లో ఈ పన్ను కారు టోకు ధరలో మూడింట రెండు వంతులకు చేరింది. 1955లో 60 శాతం, 1959లో 50 శాతం. గుమాస్తాగానో, ఫిట్టరుగానో, కొత్తగా చేరిన బడి పంతులుగానో పనిచేసే పాతికేళ్ళ కుర్రవాడికి ఎమ్.జి. గానీ, ట్రయంఫ్ గానీ చేతికందని మాట.

అయితే ఒక వెసులుబాటు ఉంది. పన్ను పూర్తిగా తయారైన కారు మీదే గానీ విడి భాగాల మీద కాదు. పాత కారు ఒకటి కొని, దాని పై భాగం ఊడబీకి, కొత్త బాడీ విడిగా తెచ్చి బిగించుకుంటే ప్రభుత్వానికి ఆ పన్ను కట్టనక్కరలేదు. పాత కార్లకు కొదవ లేదు. వాటిలో అందరికీ అందుబాటులో ఉన్నవి రెండు రకాలు. ఒకటి 1922 నుంచి 1939 దాకా తయారైన ఆస్టిన్ సెవెన్. రెండవది ఫోర్డ్ వారి చిన్నకారు. మొదట్లో స్పెషల్స్ కట్టినవారు ఎక్కువగా ఆస్టిన్ సెవెన్‌నే వాడారు. 1939లో పుట్టిన 750 మోటార్ క్లబ్బు వారికి అండగా నిలిచింది. లోటస్ కంపెనీని స్థాపించిన కోలిన్ చాప్‌మన్ 1948లో కట్టుకున్న మొదటి కారు కూడా ఆస్టిన్ సెవెన్ మీద కట్టిన స్పెషలే.

తరువాత ఫోర్డ్ వంతు వచ్చింది. 1930ల నడుమ వచ్చిన 1172 సి.సి. ఫోర్డ్ టెన్ ఇంజను పెద్ద గొప్పదేమీ కాదు. సుమారు 30 అశ్వశక్తి, మూడు గేర్లు. కాని చాలా మొండిది, ఎక్కడ పడితే అక్కడ దొరికేది, విడిభాగాలు చవక. ఈ చిన్న ఫోర్డ్ కార్లకు ఛాసీ వేరు, బాడీ వేరు. నిచ్చెన లాంటి ఛాసీ మీద బాడీని బోల్టులతో బిగించి ఉంచేవారు. బోల్టులు విప్పి బాడీని పైకెత్తేస్తే, ఇంజనూ చక్రాలూ స్టీరింగూ ఉన్న బండి కింద మిగులుతుంది. 1959లో పాప్యులర్ అనే మోడలు ఆగిపోయేదాకా ఫోర్డ్ వారు ఈ పద్ధతినే కొనసాగించారు. 1953లో 750 మోటార్ క్లబ్బు ఈ ఇంజనుతో కట్టిన కార్లకు ప్రత్యేకంగా '1172 ఫార్ములా' అనే పందేలు మొదలుపెట్టడంతో ఔత్సాహికుల సంఖ్య మరీ పెరిగింది.

ఫైబర్ గ్లాస్ వచ్చింది

చిక్కంతా బాడీతోనే. ఛాసీ ఉంది, ఇంజను ఉంది. పైన అందమైన వంపులు తిరిగిన రేకు కావాలంటే అల్యూమినియాన్ని సుత్తితో కొట్టి వంచగల పనివాడు కావాలి. అటువంటి నేర్పరులు తక్కువ, వారి కూలి ఎక్కువ. ఫైబర్ గ్లాస్ ఈ చిక్కును విప్పింది.

మన పల్లెల్లో మట్టిగోడ పెట్టేటప్పుడు మట్టిలో వరిగడ్డి ముక్కలు కలిపి తొక్కుతారు. ఉత్త మట్టి ఎండితే బీటలు వారుతుంది. గడ్డి దాన్ని పట్టి ఉంచుతుంది. ఫైబర్ గ్లాస్ సూత్రమూ ఇదే. ఇక్కడ మట్టి బదులు పాలియెస్టర్ రెజిన్ అనే జిగురు, గడ్డి బదులు గాజు నూలుతో చేసిన చాప. ముందుగా కర్రతోనూ ప్లాస్టరుతోనూ కారు ఆకారంలో నమూనా ఒకటి చేసి, నునుపు పట్టించి, దాని మీద అచ్చు తీస్తారు. ఆ అచ్చు లోపలి వైపున మైనం పూసి, మొదట ఒక పూత, దాని మీద గాజు చాప, చాప తడిసేలా రెజిన్, మళ్ళీ చాప, మళ్ళీ రెజిన్ వేసుకుంటూ పోతారు. రెజిన్‌లో కలిపిన మందు వల్ల అది గట్టిపడుతుంది. ఊడదీస్తే కారు బాడీ సిద్ధం. కొలిమి అక్కరలేదు, ప్రెస్సు అక్కరలేదు. ఒక షెడ్డు, నలుగురు మనుషులు ఉంటే చాలు.

ఈ పనికి మొదట దారి తీసింది అమెరికా. కాలిఫోర్నియాలో పడవలు చేసే బిల్ ట్రిట్ అనే ఆయన 1951 ప్రాంతాన ఒక మిత్రుడికి ఫైబర్ గ్లాస్ కారు బాడీ చేసి ఇచ్చాడు. అదే గ్లాస్‌పార్ జి-2 అనే పేరుతో అమ్మకానికి వచ్చింది. 1952లో లైఫ్ పత్రికలో ఇటువంటి కార్ల గురించి పడిన వ్యాసం దేశమంతటా ఆసక్తి రేపింది. మరుసటి ఏడాదే జనరల్ మోటార్స్ వారు ఫైబర్ గ్లాస్ బాడీతో కార్వెట్ కారు తెచ్చారు. 1953లో చేసినవి 300 మాత్రమే. బ్రిటన్‌లోనూ ఇంచుమించు అదే సమయంలో ఈ పని మొదలైంది. పెద్ద కంపెనీలలో జెన్సన్ వారు తమ 541 కారుకు ఫైబర్ గ్లాస్ వాడారు. చిన్న షెడ్డులవారు స్పెషల్స్ కట్టేవారికి బాడీలు అమ్మడం మొదలుపెట్టారు.

వీరిలో ముఖ్యులను పరిచయం చేస్తాను. లంకషైర్‌లోని రోచ్‌డేల్ పట్టణంలో రోచ్‌డేల్ మోటార్ ప్యానెల్స్ వారు ముందు అల్యూమినియం పని చేసి, 1950ల మధ్యలో ఫైబర్ గ్లాస్‌కు మారారు. సర్రే జిల్లా మిచమ్‌లో మైక్రోప్లాస్ వారు 'మిస్ట్రల్' అనే బాడీ చేశారు. ఎసెక్స్‌లో కీత్ వాడింగ్టన్, పీటర్ పెలండీన్ కలిసి ఆష్లీ అనే సంస్థ పెట్టారు. కొంతకాలానికి విడిపోయి, పెలండీన్ ఫాల్కన్ అనే వేరు కుంపటి పెట్టుకున్నాడు. కెంట్ జిల్లా బ్రామ్లీలో సూపర్ యాక్సెసరీస్ వారు, డోర్సెట్‌లో హాంబ్లిన్, రెడింగ్‌లో ఛాసీలు చేసే బక్లర్ ఉండేవారు. ఇవి గాక పేరు నిలవనివి ఎన్నో. కొందరు రెండు మూడేళ్ళు చేసి మూసేశారు. మోటార్ పత్రికల చివరి పేజీలలో తపాలా బిళ్ళంత ప్రకటన తప్ప వారి జాడ వేరే లేదు.

ఇంటిపేరు, వేషం, మనిషి

ఇప్పుడు మళ్ళీ మన ఫోటో దగ్గరకు వద్దాం. ఆ కారు ఒక కారు కాదు, మూడు అన్నమాట. అడుగున ఛాసీ ఉంది, అది దాని ఇంటిపేరు. పైన బాడీ ఉంది, అది వేషం. ఈ రెండింటినీ కలిపి కారుగా నడిపించినవాడు అసలు మనిషి. ఏ ఒక్కదాన్ని చెప్పినా సగం జవాబే అవుతుంది. ఈ మూడింటినీ విడివిడిగా వెదకడమే గుర్తుపట్టే పద్ధతి.

సురభి నాటకాలు చూసిన పెద్దలకు గుర్తుండే ఉంటుంది. ఒకే నటుడు రెండు మూడు వేషాలు కట్టేవాడు. రంగులూ కిరీటాలూ ఎన్ని మార్చినా అలవాటుపడ్డ ప్రేక్షకుడు నడకను బట్టి ఇట్టే పోల్చేవాడు. కారుకు నడక అంటే చక్రాలు. అందుచేత మొదట చూడవలసింది అందమైన వంపులను కాదు, చక్రాలనూ వాటి మధ్య దూరాన్నీ.

పక్కనుంచి తీసిన ఫోటో అయితే ఒక చిన్న లెక్క చేయవచ్చు. ఫోర్డ్ యాంగ్లియా, పాప్యులర్ కార్లకు ముందు చక్రం నడిమి నుంచి వెనక చక్రం నడిమికి 90 అంగుళాలు. ప్రిఫెక్ట్‌కు 94 అంగుళాలు. ఆస్టిన్ సెవెన్‌కు 1930లలో ఎక్కువ భాగం 81 అంగుళాలు. ఫోర్డ్ చక్రం 17 అంగుళాలు, టైరు మందం నాలుగున్నర. రెండు వైపులా కలుపుకుంటే మొత్తం ఎత్తు సుమారు 26 అంగుళాలు. 19 అంగుళాల తీగచక్రాలున్న ఆస్టిన్ సెవెన్‌కు టైరు మందం మూడున్నర కనుక దానికీ మొత్తం 26 అంగుళాలే. ఇక ఫోటో మీద స్కేలు పెట్టి చక్రాల మధ్య దూరాన్ని చక్రం ఎత్తుతో భాగించండి. మూడున్నర దగ్గర వస్తే ఫోర్డ్ అనుకోవచ్చు, మూడుకు కాస్త పైన వస్తే ఆస్టిన్ సెవెన్. ఫోటో ఎంత చిన్నదైనా నిష్పత్తి మారదు. అయితే కారు ఏటవాలుగా ఉన్న ఫోటోలో ఈ లెక్క పనికిరాదు. చాలామంది కారు పల్లంగా కనబడాలని 15 అంగుళాల చక్రాలు వేసుకునేవారు, కొందరు ఛాసీనే కోసి పొట్టి చేసేవారు. అందుచేత లెక్కను సాక్ష్యంగా తీసుకోవాలి గాని తీర్పుగా కాదు.

ముందు నుంచి తీసిన ఫోటో అయితే ముక్కు కిందికి చూడండి. ఈ పాత ఫోర్డులకు ముందూ వెనకా ఒక్కొక్కటే విల్లులాంటి స్ప్రింగు, కారుకు అడ్డంగా ఉంటుంది. రెండు ముందు చక్రాలనూ కలుపుతూ ఒకే ఇరుసు. బాడీ ఎంత కొత్తదైనా ఈ ఇరుసూ స్ప్రింగూ కింద తొంగిచూస్తూనే ఉంటాయి. కొందరు లెస్లీ బాలమీ పద్ధతిలో ఆ ఇరుసును మధ్యకు కోసి రెండు ముక్కలుగా ఆడేట్లు చేసేవారు. అటువంటి కారుకు ముందు చక్రాలు నిటారుగా ఉండక కొంచెం ఒరిగినట్లు కనబడతాయి. బానెట్ మీద అక్కరలేని బుడిపె ఉంటే అదీ ఒక ఆచూకీయే. ఫోర్డ్ రేడియేటరు నిలువుగా పొడుగ్గా ఉంటుంది. పల్లపు బానెట్ కింద దాన్ని ఇరికించడానికి పడ్డ పాట్లు పైకి బుడిపెగా తేలుతాయి.

ఛాసీ తేలాక బాడీ సంగతి. ఇక్కడ కొత్తవారు పొరబడేది తలుపుల దగ్గర. తలుపు ఆకారం చూసి ఈ బాడీ ఫలానావారిది కాదని కొట్టిపారేస్తారు. చాలా బాడీలు తలుపులు లేకుండానే, బానెట్ కోయకుండానే, ఒకే డొల్లగా వచ్చేవి. తలుపు ఎక్కడ ఉండాలో, ఎంత ఉండాలో కొన్నవాడే రంపంతో నిర్ణయించేవాడు. కొందరు తలుపే లేకుండా గోడ దూకినట్లు దూకి కూర్చునేవారు. లైట్లు బజారులో దొరికినవి. ముందు అద్దం చేతికి దొరికిన ఏ పాత కారుదో. వీటిలో ఏదీ బాడీ తయారీదారు సంతకం కాదు.

సంతకం అచ్చులోనే ఉంటుంది. అంటే కొన్నవాడు తేలికగా మార్చలేని చోట్ల. ముక్కు దగ్గర గాలి లోపలికి పోయే నోరు గుండ్రమా, కోలా, పలకా? ముందు చక్రం మీది రెక్క తలుపు వైపు దిగి అక్కడితో ఆగిందా, వెనక రెక్కతో కలిసిపోయిందా? చక్రం చుట్టూ కోసిన వంపు పూర్తి అర్ధచంద్రమా, పైన చదునుగా ఉందా? తోక కోసుగా ముగిసిందా, మొండిగా ముగిసిందా? ఈ నాలుగు ప్రశ్నలకు జవాబులు రాసుకుని, ఆనాటి మోటార్ స్పోర్ట్ వంటి పత్రికల ప్రకటనల పక్కన పెట్టి చూస్తే చాలాసార్లు తయారీదారు తేలతాడు. ఫోటోను ఫోటోతో పోల్చేటప్పుడు ఒకే కోణం నుంచి తీసినవాటినే పోల్చాలి. ముక్కుసూటిగా తీసిన ఫోటోలో ప్రతి కారూ ఇటాలియన్ కారులాగే కనబడుతుంది.

మాయలు కొన్ని

పోలిక కుదిరినంత మాత్రాన కథ ముగియదు. ఫైబర్ గ్లాస్‌లో ఉన్న గొప్ప సౌకర్యమే చరిత్రకారుడికి పెద్ద తలనొప్పి. ఒక బాడీ మీద ఎవరైనా ఇంకొక అచ్చు తీసుకోవచ్చు. మూల శిల్పం చెక్కినవాడు ఒకడు, దాని మీద నకలు తీసి అమ్ముకున్నవాడు మరొకడు. కాలిఫోర్నియాలో బిల్ డెవిన్ అమ్మిన ప్రసిద్ధమైన బాడీకి మూలం ఎర్మినీ అనే ఇటాలియన్ కారు. పైగా డెవిన్ తన అచ్చులను ముక్కలుగా చేయించి, చిన్నా పెద్దా ఛాసీలకు సరిపోయేట్లు రకరకాల కొలతలలో అదే ఆకారం పోసి ఇచ్చేవాడు. ధర 295 డాలర్లు. అట్లాంటిక్ ఆవల ఉన్న మన బంధువుల చేతికి అటువంటి ఫోటో దొరికితే, ఆకారం ఒకటే అయినా కారు ఒకటే కాదని గ్రహించాలి.

ఇక్కడ బ్రిటన్‌లో మిస్ట్రల్ కథ వినదగ్గది. మైక్రోప్లాస్ వారి ఈ బాడీని ఎందరో ఔత్సాహికులు ఫోర్డ్ ఛాసీల మీద బిగించుకున్నారు. అదే బాడీని ఫెయిర్‌థోర్ప్ అనే చిన్న కంపెనీ 1950ల మధ్యలో తన ఎలక్ట్రాన్ కార్లకు తొలుత వాడుకుంది. ఆ కంపెనీ యజమాని యుద్ధకాలంలో పేరుపొందిన వైమానిక సేనాని డాన్ బెనెట్. అదే బాడీని న్యూజీలాండ్‌లో క్రైస్ట్‌చర్చ్ పట్టణంలోని వెల్టెక్స్ వారు లైసెన్సు పుచ్చుకుని తయారుచేశారు. అంటే ఒకే వేషంలో ముగ్గురు. ఫోటోలో మిస్ట్రల్ వంపులు కనిపించగానే ఇంగ్లండు అనో, ఫోర్డ్ అనో తేల్చి చెప్పలేం. ఆష్లీ, ఫాల్కన్ తొలి బాడీలు కూడా ఇటువంటివే. ఒకే ఇంట పుట్టి వేరుపడ్డ అన్నదమ్ముల్లా ఉంటాయి.

నంబరు పలక ఇంకొక మాయ. ఆనాటి నంబర్లలో అక్షరాలను బట్టి ఏ ప్రాంతంలో రిజిస్టరయిందో తెలుస్తుంది. ఉదాహరణకు డి.కె. అంటే రోచ్‌డేల్. ఎల్‌తో మొదలయ్యే జంటలు ఎక్కువగా లండన్‌వి. మూడక్షరాల నంబరైతే చివరి రెండూ చూడాలి. కాని స్పెషల్‌కు వచ్చే నంబరు మామూలుగా అడుగునున్న పాత కారుదే. కనుక 1938 నాటి నంబరు మోస్తున్న 1958 నాటి కారు కనబడితే ఆశ్చర్యపోనక్కరలేదు. నంబరు చెప్పేది ఛాసీ పుట్టిన రోజు. ఫోటో తేదీకి వెనకవైపు దృశ్యమే మంచి సాక్ష్యం. దూరాన ఒక మినీ కారు కనబడిందా, ఆ ఫోటో 1959 ఆగస్టుకు ముందుది కాజాలదు.

ఎందుకు మాయమయ్యాయి?

ఈ సరదా ఎంత వేగంగా పెరిగిందో అంత వేగంగానూ తరిగింది. 1958లో ఆస్టిన్-హీలీ స్ప్రైట్ అనే చిన్న స్పోర్ట్స్ కారు 700 పౌనుల లోపు ధరకు వచ్చింది. మరుసటి ఏడాది మినీ దాదాపు 497 పౌనులకు వచ్చి, పాత ఫోర్డ్ స్పెషల్ కంటె చురుగ్గా మలుపులు తిరిగింది. 1960లో పదేళ్ళు దాటిన కార్లకు ఎమ్.ఓ.టి. పరీక్ష పెట్టారు. తుప్పు పట్టిన ఛాసీలూ, కడ్డీలతో లాగే పాత బ్రేకులూ ఆ పరీక్షలో నిలవలేదు. 1962లో కొనుగోలు పన్ను 25 శాతానికి దిగడంతో పన్ను తప్పించుకునే లాభమూ తగ్గింది. 1973లో ఆ పన్ను పోయి వ్యాట్ వచ్చాక విడి భాగాలకున్న వెసులుబాటే పోయింది. రోచ్‌డేల్ వారు 1960లో ఒలింపిక్ అనే కారు తెచ్చారు. విడిగా ఛాసీ లేకుండా ఫైబర్ గ్లాస్‌తోనే మొత్తం కట్టిన కారు అది. అంతకు ముందు అటువంటిది 1957 నాటి లోటస్ ఎలీట్ మాత్రమే. 1961లో రోచ్‌డేల్ వారి షెడ్డు అగ్నిప్రమాదానికి గురైంది. తరువాత మళ్ళీ పని మొదలుపెట్టినా పాత ఊపు రాలేదు.

ఇనుము తుప్పు పట్టి మట్టిలో కలిసింది. ఫైబర్ గ్లాస్‌కు తుప్పు లేదు. అందువల్ల పొలాల గట్ల మీద, కోళ్ళ షెడ్ల వెనక, ముళ్ళపొదల్లో ఖాళీ డొల్లలు మిగిలాయి. వేషం మిగిలింది, ఇంటిపేరు పోయింది, మనిషి మరుగునపడ్డాడు.

తప్పు పేరు పెడితే నష్టమేమిటి?

'ఏ కారైతే ఏమిటండీ, ఎప్పటి మాటో కదా' అని కొందరు అనవచ్చు. నష్టం ఉంది. పేరులేని ఫోటో మీద 'లోటస్, 1958' అని ఎవరో రాస్తారు. తరువాతివాడు దాన్ని నమ్మి మరొకచోట రాస్తాడు. మూడోవాడికి అది చరిత్ర. చాప్‌మన్‌కు ఇప్పటికే కావలసినంత కీర్తి ఉంది, ఈ కారు వల్ల ఆయనకు పెరిగేదేమీ లేదు. కాని మూడు చలికాలాలు రాత్రిళ్ళు దీపం పెట్టుకుని, చేతులు కొట్టుకుపోయి, జీతంలోంచి షిల్లింగు షిల్లింగు కూడబెట్టి ఆ కారు కట్టిన గుమాస్తా పేరు మాత్రం ఆ ఒక్క తప్పు రాతతో శాశ్వతంగా చెరిగిపోతుంది. అతనికి ఉన్న స్మారకచిహ్నం ఆ ఫోటో ఒక్కటే.

బాడీ తయారీదారు పేరు సరిగ్గా పట్టుకున్నప్పుడు కూడా ఈ ప్రమాదం ఉంది. 'ఇది ఆష్లీ కారు' అనడం 'ఈ చీర ఫలానా మిల్లుది' అన్నట్లే. నిజమే, కాని కట్టుకున్నదెవరు? అందుకని ఫోటో కింద రాసేటప్పుడు మూడింటినీ విడివిడిగా రాయడం మేలు. 'ఛాసీ ఫోర్డ్ పాప్యులర్. బాడీ ఆష్లీ అని తోస్తున్నది. కట్టినవారి పేరు ఇంకా తెలియలేదు' అని. తెలిసినదాన్ని తెలిసినట్లు, ఊహను ఊహ అన్నట్లు రాస్తే తరువాతివాడు అక్కడినుంచి అందుకుంటాడు. ఖాళీని ఖాళీగా ఉంచితే ఎప్పటికైనా ఎవరో నింపుతారు. తప్పుతో నింపితే ఇక ఎవరూ వెదకరు.

కట్టినవారి పేరు దొరకడానికి కాగితాలు కొంత సాయం చేస్తాయి. పాత లాగ్‌బుక్కులో యజమానుల పేర్లు వరసగా ఉండేవి. జిల్లా కౌన్సిళ్ళ రిజిస్టర్లలో కొన్ని నేటికీ జిల్లా దస్తావేజుల కార్యాలయాలలో ఉన్నాయి. వాహనాల రికార్డులు 1970లలో స్వాన్సీలోని కేంద్ర కార్యాలయానికి మారినప్పుడు చాలా రిజిస్టర్లను పారవేశారు. 1983 నవంబరులోగా కంప్యూటర్లోకి ఎక్కించని నంబర్లు రద్దయ్యాయి. ఆ తరువాత అటువంటి నంబరును తిరిగి పొందాలంటే అది ఆ బండిదేనని రుజువు చూపవలసి వచ్చేది. షెడ్డులో పడి ఉన్న స్పెషల్‌కు నంబరు తిరిగి రావడానికి చాలాసార్లు ఆధారమయ్యేది పాత లాగ్‌బుక్కో, నంబరు కనబడే పాత ఫోటోనో. కాగితాలకన్న మిన్న మనుషులు. 1958లో పాతికేళ్ళున్నవారికి ఇప్పుడు తొంభై దాటుతున్నాయి. మన వీధిలో అటువంటి పెద్దాయన ఉంటే ఒక సాయంత్రం టీ తాగుతూ అడగవలసిన ప్రశ్న ఇది. మరికొంత కాలానికి అడుగుదామన్నా ఎవరూ ఉండరు.

మన ఆల్బములలోనూ ఈ చిక్కు లేకపోలేదు. 1982లో బెంగుళూరులో సిపానీ వారు డాల్ఫిన్ అనే ఫైబర్ గ్లాస్ కారు తయారుచేయడం మొదలుపెట్టారు. దాని మూలం ఇక్కడి రిలయంట్ కంపెనీ వారి కిటెన్. అంబాసిడర్ మూలం మారిస్ ఆక్స్‌ఫర్డ్. మనింటి పెళ్ళి ఫోటోలో పూలదండలు వేసిన అంబాసిడర్‌ను చూసి ఇక్కడ పుట్టిన మనవడు 'మారిస్' అంటే వాడు పూర్తిగా తప్పనలేం. కాని ఆ కారు ఎవరిది, ఏ ఊళ్ళో, ముందు సీట్లో తలపాగాతో కూర్చున్నది మేనమామా, డ్రైవరా అన్నది వాడికి ఎవరు చెబుతారు?

అందుకని చివరగా ఒక్క మాట. ఈ వారాంతంలో ఆల్బము దించి, ఒక్కొక్క ఫోటో వెనక మెత్తటి పెన్సిలుతో మనుషుల పేర్లు, ఊరు, సంవత్సరం రాయండి. సంవత్సరం ఖాయంగా తెలియకపోతే 'సుమారు' అని చేర్చండి. తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి రాయండి, రేపు ఆ ఫోటో తిరగేసే మనవలకు ఏ లిపి చదవడం వస్తుందో మనం చెప్పలేం. కారు పేరు తెలిస్తే అదీ రాయండి. తెలియకపోతే నంబరు రాయండి. కారు కట్టినవాళ్ళూ, నడిపినవాళ్ళూ, పక్కన నిలబడి నవ్వినవాళ్ళూ పేరుతో సహా మిగలాలి.